పడమటి తాలూకాల కూలి ఓటు ఎటు పోయింది?

2019 శాసనసభ ఎన్నికల్లో పాత చిత్తూరు జిల్లాలోని 14 స్థానాల్లో తెలుగుదేశానికి దక్కింది ఒకే ఒకటి, కుప్పం. 2024లో అదే జిల్లాలో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు మిగిలినవి రెండే, పుంగనూరు, తంబళ్లపల్లె. ఐదేళ్లలో జిల్లా మొత్తం తలకిందులైంది. దీని మీద వచ్చిన రాతలన్నీ నాయకుల చుట్టూ తిరిగాయి. ఎవరు ఎవరిని దెబ్బ తీశారు, ఏ కులం ఎటు మొగ్గింది, ఎవరి డబ్బు ఎంత పారింది అన్న లెక్కలే అన్నీ. మదనపల్లె మార్కెట్టుకు టమోటా కోసి పంపే ఆడకూలీలు, కుప్పం స్టేషన్లో చీకటితోనే బెంగుళూరు రైలెక్కే కట్టుబడి పనివాళ్లు, పుంగనూరు పల్లెల్లో డి.కె.టి. పట్టా కాగితాన్ని కవర్లో చుట్టి ట్రంకుపెట్టె అడుగున దాచుకున్న ముసలివాళ్లు ఈ లెక్కల్లో కనబడరు. ఓటేసింది మాత్రం వాళ్లే.

ఆ ఓటు ఒకప్పుడు ఎర్రజెండాకు పడింది. ఇప్పటి కుర్రవాళ్లు చెబితే నమ్మరు గానీ, 1962లో మదనపల్లె నుంచి దొడ్డా సీతారామయ్య, కుప్పం నుంచి వజ్రవేలు శెట్టి కమ్యూనిస్టు అభ్యర్థులుగా గెలిచి శాసనసభకు వెళ్లారు. ఇది కృష్ణా, గుంటూరు జిల్లాల్లాగా కాలువ కింద సేద్యం చేసే ప్రాంతం కాదు. వానొస్తే చెరువు, లేకపోతే కరువు. పుంగనూరు జమీందారీ, కంగుంది జమీందారీ ఏలిన నేల. అట్లాంటి చోట గెలిచిన పార్టీ వారసులు ఇవాళ ఇవే తాలూకాల్లో పంచాయతీ వార్డుకు మనిషిని వెతకడానికి తడుముకోవలసి వస్తున్నది. రాష్ట్రం మొత్తం మీద చూసినా అంతే. 2014, 2019, 2024 మూడు ఎన్నికల్లోనూ ఆంధ్రప్రదేశ్‌లో సి.పి.ఐ.కి గానీ, సి.పి.ఎం.కి గానీ ఒక్క శాసనసభ స్థానం రాలేదు.

ఓడిపోవడం వేరు, ఓటరును పోగొట్టుకోవడం వేరు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడడం వల్లనే మన చర్చలన్నీ గందరగోళంలో పడుతున్నాయి. 1955 మధ్యంతర ఎన్నికల్లో ఆంధ్ర రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ చావుదెబ్బ తిన్నదని చెబుతారు. 196 స్థానాల్లో వచ్చినవి 15. కానీ పడిన ఓట్లు నూటికి 31. అంటే ఓటేసిన ప్రతి పది మందిలో ముగ్గురు పార్టీతోనే వున్నారు. ఏడేళ్లు తిరిగేసరికి, తెలంగాణ కూడా కలిసిన రాష్ట్రంలో, 1962లో అదే పార్టీ 51 స్థానాలతో లేచి కూర్చుంది. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ పరిస్థితి కొంత ఇట్లాంటిదే. 175 స్థానాల్లో 11 మాత్రమే వచ్చినా ఓట్లు నూటికి 39 పడ్డాయి. ఆ పార్టీ పని అయిపోయిందని సంబరపడేవాళ్లు లెక్క తప్పుతున్నారు. సీట్లు పోయి ఓటరు మిగిలిన పార్టీకి మళ్లీ కాలం రావచ్చు. ఓటరే చేజారిన పార్టీకి ఎదుటివాడి తప్పులు ఎన్ని కలిసొచ్చినా లాభం లేదు, ఆ తప్పుల ఫలం ఇంకొకడు తింటాడు.

మరి ఓటరు ఎట్లా చేజారతాడు? సిద్ధాంతం నచ్చకనా? పడమటి మండలాల్లో కూలిపని చేసుకునే మనిషి పార్టీని సిద్ధాంతంలో చూడడు, మనిషిలో చూస్తాడు. తన ఇంటికీ ఆఫీసుకీ మధ్య, తన కాగితానికీ సంతకానికీ మధ్య, తన పనికీ కూలిడబ్బుకీ మధ్య ఎవడు నిలబడి వున్నాడో చూస్తాడు. ఆ నడిమి మనిషి ఎవడి వాడైతే ఓటు కూడా నిదానంగా అటు జరుగుతుంది. పార్టీ ఆ చోటును దళారీకి వదిలేసిన నాడే ఓటరును పోగొట్టుకోవడం మొదలవుతుంది. ఎన్నికల ఫలితం ఆ సంగతిని నాలుగైదేళ్లు ఆలస్యంగా బయటపెడుతుంది, అంతే.

కుప్పం సంగతే చూడండి. 1989 నుంచి చంద్రబాబు నాయుడు గారికి అక్కడ ఓటమి లేదు. 2014లో 47 వేలున్న మెజారిటీ 2019లో 30 వేలకు దిగింది. అప్పటికీ ఎవరూ కంగారు పడలేదు. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో నియోజకవర్గంలోని 89 పంచాయతీల్లో అత్యధిక భాగం వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ బలపరచినవాళ్లకు పోయాయి. అదే ఏడాది నవంబరులో కుప్పం మునిసిపాలిటీలో 25 వార్డులకు 19 ఆ పార్టీకే, తెలుగుదేశానికి 6. డబ్బు పంచారు, పోలీసులను వాడుకున్నారు, బయటి మనుషులను దింపి దొంగ ఓట్లు వేయించారు అని తెలుగుదేశం వాళ్లు గోల పెట్టారు. అధికారంలో వున్నవాళ్లు ఇవన్నీ చేస్తారన్నది కొత్త సంగతి కాదు, కూలి జనానికి బాగా తెలిసిందే. అడగవలసిన ప్రశ్న వేరే. ముప్పయ్యేళ్లకు పైగా గెలిపించిన జనం ఆనాడు అడ్డం ఎందుకు తిరగలేదు? ఎమ్మెల్యే గారు వుండేది హైదరాబాదు, అమరావతి. కుప్పంలో ఆయన పేరు చెప్పుకొని పెత్తనం చేసేది నలుగురైదుగురు. పెన్షన్ కావాలన్నా, బోరుకు కరెంటు కావాలన్నా వాళ్ల వాకిట్లో నిలబడాలి. వాళ్లలో కాంట్రాక్టరు ఎవరో కార్యకర్త ఎవరో విడదీసి చెప్పడం కష్టం. అధికారం పోగానే వాళ్ల చేతిలో పంచడానికి ఏమీ లేకపోయింది, జనానికి వాళ్లతో పనీ లేకపోయింది.

ఆ దెబ్బ తర్వాత ఆయన కుప్పానికి తరచుగా రావడం మొదలుపెట్టారు. 2023 జనవరిలో పోలీసులు ఒకటో నంబరు జీవో చూపించి పర్యటనకు అడ్డుపడితే రోడ్డు మీదనే కూర్చున్నారు. శాంతిపురం మండలంలో ఇల్లు కట్టుకుని 2025 మేలో గృహప్రవేశం చేశారు. 2024లో మెజారిటీ 48 వేలు. హంద్రీ-నీవా కుప్పం కాలువకు 2025 ఆగస్టు 30న పరమసముద్రం దగ్గర జలహారతి పట్టారు. ఇదే కాలువకు 2024 ఫిబ్రవరి 26న రామకుప్పం మండలం రాజుపేట దగ్గర జగన్ మోహన్ రెడ్డి గారు కూడా నీళ్లు వదిలారు. ఒకే కాలువకు ఇద్దరు ముఖ్యమంత్రులు! కరువు సీమలో నీళ్ల కంటే ప్రారంభోత్సవాలే ఎక్కువ పారతాయని ఊరికే అనలేదు పెద్దలు. ఏమైతేనేం, పోయిన ఓటరు కోసం మనిషి తిరిగి రావలసిందేనని కుప్పం ఒప్పించింది. అయితే ఆయన తిరిగి వచ్చిన దారి అధికారం దారి, నిధుల దారి. కూలి జనం పార్టీకి ఆ దారి లేదు.

పుంగనూరుది ఇంకో కథ. 2021 మార్చిలో ఆ మునిసిపాలిటీలో 31 వార్డులూ ఏకగ్రీవం. పులివెందుల, మాచర్ల, పిడుగురాళ్ల సరసన పుంగనూరు చేరింది. ఒక్క ఓటు పడకుండా ఊరంతా గెలిచేశారు. దాన్ని బలమనుకున్నారు. ఓటరు మనసులో ఏముందో తెలుసుకునే ఒకే ఒక్క అవకాశాన్ని చేతులారా పారేసుకున్నామని ఆ పార్టీలో ఎవరికైనా తోచిందో లేదో! 2019లో 43 వేలు దాటిన పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి గారి మెజారిటీ 2024లో 6 వేలకు వచ్చి ఆగింది. నామినేషన్ వేయనివ్వని ఊళ్లో కోపం కూడబెట్టుకుని వుంటుంది. 2023 ఆగస్టు 4న అంగళ్లులో, పుంగనూరులో జరిగిన గొడవలు, ఆ తర్వాత వందల మంది మీద బనాయించిన కేసులు, జైళ్లు ఆ కోపానికి వడ్డీ కట్టాయి. ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే ఆ ఏకగ్రీవపు కౌన్సిలర్లలో పలువురు పార్టీ వదిలి పోయారు. కుప్పంలోనూ మునిసిపల్ ఛైర్మన్ రాజీనామా చేసి తెలుగుదేశంలో చేరాడు, 2025 ఏప్రిల్‌లో ఆ కుర్చీ తెలుగుదేశానికి దక్కింది. ఈ కౌన్సిలర్లను చూసి ఇప్పటి పాలకులు మురిసిపోతే అది వాళ్ల ఖర్మ.

వాలంటీరు వ్యవస్థ గురించి ఒక మాట చెప్పుకోవాలి. 2019 ఆగస్టు 15 నుంచి 50 ఇళ్లకు ఒక వాలంటీరు చొప్పున నెలకు 5 వేల గౌరవవేతనంతో పెట్టారు. ఇంటికే పెన్షన్ వచ్చింది, పేదవాడు ఆఫీసు మెట్లెక్కే బాధ తప్పింది, ఆ మేలు కాదనకూడదు. కానీ ఆ పార్టీ సొంత కార్యకర్తకు ఊళ్లో పని లేకుండా పోయింది. బటన్ అక్కడ నొక్కితే డబ్బు ఇక్కడ పడుతుంది, మధ్యలో వాలంటీరు. 2024 మార్చి ఆఖరులో ఎన్నికల సంఘం వాలంటీర్లను పెన్షన్ల పంపిణీ నుంచి తప్పించగానే ఇల్లిల్లూ తిరిగే చేయి ఆ పార్టీకి లేకుండా పోయింది. జూలై 1న కొత్త ప్రభుత్వం పెన్షన్ 4 వేలకు పెంచి, బకాయితో కలిపి 7 వేలు ముసలమ్మ చేతిలో పెట్టింది. ఇచ్చే చెయ్యి మారితే కృతజ్ఞత కూడా చెయ్యి మారుతుంది. దాన్ని ద్రోహమనడం తప్పు. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అన్న సంబంధం అంతవరకే కట్టిపడేస్తుంది.

ఇక ఎర్రజెండా పార్టీల సంగతికి వద్దాం. వాళ్ల దగ్గర కాంట్రాక్టరూ లేడు, వాలంటీరూ లేడు, మరి ఓటరు ఎట్లా పోయాడు?

1964 చీలికతో సగం పని అయిపోయింది. ఊళ్లో పది మంది కార్యకర్తలుంటే ఐదుగురు అటు, ఐదుగురు ఇటు. 1967లో ఒక పార్టీకి 11, ఇంకో పార్టీకి 9 స్థానాలు. అయితే చీలిక ఒక్కటే కారణమైతే తర్వాతి యాభై ఏళ్ల కథ అర్థం కాదు. దగ్గరగా చూస్తే ఒకే వరస మళ్లీ మళ్లీ కనబడుతుంది. పోరాడింది ఒకరు, పంచింది మరొకరు. 1970లో బంజర్ల కోసం, మిగులు భూముల కోసం దేశమంతటా భూపోరాటం చేసింది కమ్యూనిస్టులు, సోషలిస్టులు. 1973లో భూసంస్కరణల చట్టం తెచ్చి, ఇరవై సూత్రాల పేరుతో పట్టా కాగితాలు పంచి ఓటు పుచ్చుకున్నది కాంగ్రెసు. చౌకబియ్యం కోసం దశాబ్దాల పాటు ఊరేగింపులు తీసింది వీళ్లు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యమని ఇచ్చింది ఎన్.టి. రామారావు. కరెంటు ఛార్జీల మీద 2000 సంవత్సరంలో రాష్ట్రాన్ని కదిలించింది వామపక్షాలు, ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలిచ్చారు. 2004 మే నెలలో ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి సంతకం పెట్టి రైతుల గుండెల్లో నిలిచింది వై.ఎస్. రాజశేఖర రెడ్డి. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చిందంటే, ఢిల్లీ ప్రభుత్వానికి బయటినుంచి బలం యిచ్చిన అరవై మంది దాకా వామపక్ష ఎంపీల ఒత్తిడి దాని వెనుక వుంది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది మన పక్కనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఇవాళ పుంగనూరు పల్లెలో ఏ కూలి మనిషినైనా ఉపాధి పని ఎవరిచ్చినారని అడగండి. ఫీల్డ్ అసిస్టెంటు పేరు చెబుతారు.

ఇది జనం మతిమరుపు కాదు. చట్టం గెలిచిన మరుసటి రోజు నుంచి దాన్ని అమలు చేయించే పని మొదలవుతుంది. మస్టరు రోల్లో పేరుందా, కొలత సరిగా వేసినారా, కూలిడబ్బు ఎన్ని వారాలకు పడింది, పడింది బ్యాంకు ఖాతాలోనా లేక ఆధార్ లింకు తప్పి ఎవరి ఖాతాలోనైనా పోయిందా అన్న పని అది. ఊరేగింపులో నినాదమిచ్చే పని కంటే వందరెట్లు విసుగు పుట్టించేది, పత్రికలో ఫోటో రానిది. ఆ పనిని అధికారులకు, అధికార పార్టీ మనుషులకు వదిలేసి, పార్టీ తర్వాతి ఆందోళనకు పోయింది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఫీల్డ్ అసిస్టెంటు మారుతున్నాడంటే ఆ కుర్చీ విలువ పెద్ద పార్టీలకు తెలిసినట్లే కదా! ‘ఎర్రజెండా వాళ్లు మంచోళ్లేనబ్బా, కానీ మన పని వాళ్లతో అయ్యేది కాదు’ అనే మాట పడమటి పల్లెల్లో తిట్టు కాదు, జాలి. తిట్టినా బాగుండేది.

పొత్తుల మాట కూడా దాచిపెట్టి లాభం లేదు. 1985లో తెలుగుదేశంతో కలిసి చెరి 11 స్థానాలు, 1994లో మళ్లీ కలిసి 19, 15. 1999లో విడిగా నిలిస్తే ఒకరికి సున్న, ఒకరికి 2. 2004లో కాంగ్రెసుతో. 2007లో ముదిగొండలో భూమి అడిగిన ఏడుగురిని కాల్చి చంపిన ప్రభుత్వం ఆ కాంగ్రెసుదే. 2009లో, తొమ్మిదేళ్ల కిందట కరెంటు పోరాటంలో ఎవరి మీద నిలబడ్డారో ఆ తెలుగుదేశంతోనే కూటమి. 2019లో జనసేనతో, 2024లో మళ్లీ కాంగ్రెసుతో. పొత్తు పాపం కాదు, బలం చాలని పార్టీ పొత్తు పెట్టుకుంటుంది. కానీ ఈ పొత్తుల్లో ఏ ఒక్కటైనా కుప్పంలోనో మదనపల్లెలోనో పనిచేసే కూలిసంఘాన్ని అడిగి కుదిర్చినదా? హైదరాబాదులోనో విజయవాడలోనో సంతకాలయ్యాక కార్యకర్త టీవీలో చూసి తెలుసుకున్నాడు. నిన్నటిదాకా తిట్టిన జెండా పక్కన తన జెండా కట్టి, వీధిలో ఎదురైన అన్నకు ఏం చెప్పాలో తెలియక తల వంచుకున్నాడు. అట్లా తల వంచుకున్న కార్యకర్తలు ఎందరు ఇళ్లల్లో కూర్చున్నారో లెక్క తీసినవాళ్లు లేరు.

పల్లెలో నిలిస్తే చాలు అనుకుంటే బెంగాల్ ఒక హెచ్చరిక. 1978లో ఆపరేషన్ బర్గా పేరుతో లక్షల మంది కౌలుదార్ల పేర్లు రికార్డు కెక్కించిన వామపక్షం 34 ఏళ్లు పాలించి 2011లో ఓడింది, 2021లో ఒక్క స్థానం దక్కలేదు. అక్కడ పల్లెలో నడిమి మనిషి పార్టీవాడే. ఏళ్లు గడిచేకొద్దీ అతడే దళారీ అయి కూర్చున్నాడు. కౌలుదారుకు హక్కు ఇచ్చిన చేతులే 2007లో నందిగ్రామ్‌లో భూమి అడిగాయి. నడిమి చోటులో పార్టీ మనిషి వుండడంతో పాటు, అతన్ని నిలదీసి దించగల సంఘం కూడా జనం చేతిలో వుండాలి.

మన తాలూకాల్లో కూలి మనిషి బతుకు 1962 నాటిది కాదు. ఇక్కడే పార్టీలు, మన సంఘాలు కూడా, పాత కొలబద్దతో కొలుస్తున్నాయి. అప్పుడు కూలి అంటే ఆసామి ఇంటి జీతగాడు, చెనిక్కాయ చేలో కలుపు తీసే ఆడమనిషి. ఇప్పుడు అదే ఇంట్లో భర్త వారానికి ఆరు రోజులు బెంగుళూరులో, భార్య ఆటో ఎక్కి పది మైళ్ల అవతల టమోటా తోటలో, కొడుకు గ్రానైటు ఫ్యాక్టరీలోనో హోటల్లోనో. ఎకరా రెండెకరాల మెట్ట వుంటుంది, అందులో వెయ్యి అడుగుల దాకా దించిన బోరు వుంటుంది, ఆ బోరు అప్పూ వుంటుంది. అంటే ఒకే మనిషి పొద్దున రైతు, మధ్యాహ్నం కూలి, ఆదివారం వలస నుంచి వచ్చిన అతిథి. ఇతనికి రైతుసంఘం సభ్యత్వమా, కూలిసంఘం సభ్యత్వమా, భవన నిర్మాణ కార్మికుల సంఘం సభ్యత్వమా? మూడు సంఘాలూ మూడు రసీదు పుస్తకాలు పట్టుకుని వస్తాయి, సమస్య వచ్చిననాడు ఒకరిని చూపించి ఒకరు తప్పుకుంటాయి.

టమోటా కథలో ఇది స్పష్టంగా కనబడుతుంది. 2023 జూలైలో మదనపల్లెలో కిలో 150 రూపాయలు దాటి పలికింది, దేశమంతా మన మార్కెట్టు పేరు చెప్పుకుంది. కిలో రెండు మూడు రూపాయలకు పడిపోయి రోడ్డు పక్కన పారబోసిన కాలాలు అంతకంటే ఎక్కువ. ధర పడినప్పుడు గిట్టుబాటు ధర కావాలని రైతుసంఘం రాస్తారోకో చేస్తుంది. న్యాయమే. కానీ అదే తోటలో కాయ కోసే అక్కకు ఆ రాస్తారోకోలో వాటా ఏమిటి? ధర 150 పలికిననాడు ఆమె కూలి ఎంత పెరిగింది? ధర పడిననాడు కోత ఆపేస్తే ఆమె ఆ వారం ఏం తినాలి? మగవాడికీ ఆడమనిషికీ ఒకే పనికి రెండు కూళ్లు ఎందుకు? ఈ ప్రశ్నలు అడిగితే చిన్నరైతు నొచ్చుకుంటాడని సంఘం మాట్లాడదు. మాట్లాడకపోతే కూలి మనిషి నొచ్చుకుంటుంది, అది మాత్రం ఎవరికీ కనబడదు.

ఇద్దరికీ గిట్టే దారి లేకపోలేదు. రైతు కూలి ఇవ్వలేకపోవడానికి కారణం కూలి మనిషి అత్యాశ కాదు, మండీ. కమిషన్ ఒకటి, దాని మీద ‘జాక్‌పాట్’ అని పేరు పెట్టి ఊరికే తీసుకునే పెట్టెలు ఇంకొకటి, పెట్టెకు ఇంత తరుగు అని మరొకటి. ఈ దోపిడీ మీద చిన్నరైతూ ఆడకూలీలూ కలిసి మార్కెట్ యార్డు గేటు దగ్గర నిలబడితే, అక్కడ మిగిలించుకున్నదాంట్లో కూలికి ఇంత అని ఊళ్లో కూర్చుని ఒప్పందం చేసుకోవచ్చు. రైతుసంఘం ఒక్కటే పోతే వ్యాపారులు పదిమందిని పిలిచి టీ ఇచ్చి పంపిస్తారు. కోత ఆపగలిగిన కూలీలు పక్కన వుంటే అంత తేలిగ్గా పంపలేరు. తోటల్లో కోతకు పోయే ఆడవాళ్ల గుంపులు, వాళ్ల మేస్త్రీలు, వాళ్లను మోసే ఆటోలు ఇప్పటికే ఒక సంఘం లాంటివి. పార్టీ కొత్తగా కట్టనక్కర్లేదు, దగ్గరికి పోవడమే కావాలి. మన సంఘాల జిల్లా కమిటీల్లో ఆ గుంపుల్లోంచి వచ్చిన ఆడవాళ్లు ఎందరున్నారో ఒకసారి పేర్లు రాసి చూసుకుంటే మంచిది.

పోవడం ఎప్పుడన్నదీ ముఖ్యమే. మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసు ముందు సోమవారం పదకొండు గంటలకు ధర్నా అంటే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? వచ్చేది కార్యకర్తలే, చూసేది కానిస్టేబుళ్లే. బెంగుళూరు పోయినవాళ్లు ఊళ్లో వుండేది ఆదివారం. ఆడవాళ్లు చేతికి చిక్కేది రాత్రి సంగటి కెలికి, పిల్లలకు పెట్టిన తర్వాత. సభ అప్పుడే, అక్కడే జరగాలి. కుప్పం నుంచి తెల్లారి బయలుదేరే రైలుపెట్టెలో రోజూ ఎన్ని ఊళ్ల కూలీలు కలుస్తారో ఎక్కినవాళ్లకు తెలుసు. మండల కమిటీ సమావేశానికి అంతమంది రారు.

భూమి సంగతిలో అవకాశం కళ్ల ముందే వచ్చి పోయింది. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. కేసు సి.ఐ.డి. దాకా పోయింది, నేరం ఎవరిదో తేల్చేది కోర్టు. ఆ తర్వాత అర్జీలు తీసుకుంటామంటే భూమి పోగొట్టుకున్నవాళ్లు వందలుగా వచ్చి నిలబడ్డారు. డి.కె.టి. భూమి, చుక్కల భూమి, 22-ఎ జాబితాలో ఇరుక్కున్న భూమి. 1977 నాటి 9వ చట్టం ప్రకారం పేదవాడికిచ్చిన భూమి చేతులు మారకూడదు. మారింది. ఆ వరసలో నిలబడినవాళ్ల అర్జీలు రాసిపెట్టింది ఎక్కువగా ఆఫీసు బయట కూర్చునే రైటర్లు, పేజీకి ఇంత అని. పార్టీ నాయకులు ప్రకటన ఇచ్చారు, విచారణ జరపాలన్నారు. ప్రకటన కావలసిందే. అయితే అడంగల్ కాపీ తీయించి, సర్వే నంబరు సరిచూసి, అర్జీ రాసి, రసీదు నంబరు నోటుపుస్తకంలో ఎక్కించి, మూడు నెలల తర్వాత ఏమైందని మళ్లీ అడిగేవాడు మండలానికి ఒకడున్నా చాలు, ఆ మండలం రూపు మారుతుంది. 2024లో పాత ప్రభుత్వం మీద రైతులకు పుట్టిన భయంలో పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ, భూహక్కు చట్టం ఎంత పనిచేశాయో అందరూ చూశారు. భూమి కాగితం దగ్గర వీళ్లకు కలిగే భయం, దొరికే ధైర్యం, రెండూ ఓట్లే.

ఉపాధి పని విషయంలో మాత్రం ఆలస్యానికి వీల్లేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో ‘వికసిత్ భారత్ - జి రామ్ జి’ అని కొత్త చట్టం ఆమోదించింది. పేరులో రాముణ్ణి పెట్టారు గానీ కూలి ఖర్చులో నూటికి 40 రాష్ట్రం నెత్తిన పెట్టారు, ఇంతకుముందు కూలి మొత్తం కేంద్రానిది. రోజులు 100 నుంచి 125 అన్నారు. విత్తనాలప్పుడు, కోతలప్పుడు మొత్తం 60 రోజుల దాకా పని ఆపవచ్చని కూడా రాశారు. పల్లెలో కూలి రేటు కాస్త బేరమాడగలిగేది ఆ రోజుల్లోనే. ఉపాధి పని వుంది గనుకనే ‘ఇంతకు తక్కువైతే రానన్నా’ అని ఆడమనిషి అనగలిగింది. ఆ మాట నోట్లోనే నొక్కేసే ఏర్పాటు ఇది. అప్పుల్లో వున్న రాష్ట్రం తన వాటా కట్టలేనప్పుడు 125 రోజులు కాగితం మీదే వుంటాయి. ఈ సంగతి ఊళ్లో ఎవరూ చెప్పలేదు, ఢిల్లీలో కూటమి కట్టిన తెలుగుదేశం చెప్పదు, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు చెప్పే తీరిక లేదు. పని కావాలని గుంపుగా అర్జీ ఇవ్వడం, తేదీ వేసిన రసీదు పట్టుపట్టి తీసుకోవడం, గడువు దాటితే భత్యం అడగడం - వీటికి పెద్ద నాయకుడు అక్కర్లేదు. చదువొచ్చిన ఒక కుర్రాడు, నలభై మంది కూలీలు, ఒక నోటుపుస్తకం వుంటే ఏ ఊళ్లోనైనా మొదలుపెట్టవచ్చు.

అసెంబ్లీ మాట తర్వాత. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరిగేవి. వార్డు అంటే కొన్ని వందల ఓట్లు, ముఖాలు తెలిసిన ఓట్లు. 2021లో పుంగనూరు పల్లెల్లో నామినేషన్ వేయడమే సాహసమైంది, కనుక ఈసారి మొదటి పని గెలవడం కాదు, ఏకగ్రీవం కానివ్వకుండా ప్రతి వార్డులో ఒక కూలి మనిషి పేరు బ్యాలెట్టు మీద వుండేట్లు చూడడం. ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది, ఇంతకాలం దాని వల్ల పోటీకి దూరమైన ఇళ్లు ఎక్కువగా పేదలవే. కులం సర్టిఫికెట్టు, పన్ను బకాయి లేదన్న కాగితం, బలపరిచే మనిషి సంతకం నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తి తెచ్చుకునేవి కావు, ముందే తీసి పెట్టుకోవాలి. ఓటర్ల జాబితా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించిననాడు పోయి చూడాలి, బెంగుళూరు పోయినవాళ్ల పేర్లు ఊళ్లో లేరని కొట్టేసి వుంటే ఆ ఆదివారమే వాళ్ల చేత సంతకాలు పెట్టించి అభ్యంతరం దాఖలు చేయాలి.